మూపురం దిగిన పాట

ఆ ఎర్రమట్టి అడవిలో ఎండాకాలం అంటే మాటలు కాదు. వాగు ఇసక తేలుతుంది, చెలమలు ఎండిపోతాయి, కాకి నోరు తెరిస్తే మూసుకోదు. అప్పుడు నీళ్ళుండేది ఒక్క లోతు బావిలోనే. ఆ బావి పంది దొరది. దొరగారి ముత్తాత ముట్టెతో నేల కుళ్ళగిస్తే అక్కడ జల పడిందట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా అందరూ అలాగే చెప్పుకుంటారు గనక బావి దొరదే అయి కూర్చుంది.

బావి పక్కన దొర గెనుసుగడ్డల తోట. తోట తడవాలంటే మోట లాగాలి. ఎడ్ల జత మెడ మీద కాడి పెట్టుకుని వాలు దారిలో కిందికి నడిస్తే, మోకు బిగుసుకుని తోలు బొక్కెన బావిలోంచి పైకి వస్తుంది. కొండముచ్చులు దాన్ని కాలువలోకి వంచుతాయి. ఎడ్లు వెనక్కి ఎక్కుతాయి, బొక్కెన మళ్ళీ దిగుతుంది. కాలువ తోటకి చేరేలోపు దారి పొడుగునా కుందేళ్ళూ మేకలూ జింకలూ ఎవరి గొంతు వాళ్ళు తడుపుకోవచ్చు. ఎడ్లు మెడలిచ్చేది ఆ నీళ్ళ కోసమే.

ఎంతసేపు లాగాలి అనే దగ్గర మాత్రం దొర మాట చెల్లదు. దానికో పాట ఉంది. పాట ఎత్తితే కాడి ఎత్తాలి, పాట దించితే కాడి దించాలి. ఒక్కో వరసకి ఒక్కో బొక్కెన. పాట అయితే ఆ జత పని అయినట్టే, ఇంకో జత రావాలి. మొదట తిట్టు చరణం, అది దొరకి. తర్వాత పొగడ్త చరణం, అది నీళ్ళకి. చివర ఆశ చరణం, అది ఎడ్లకి. తిట్టు పాడుతున్నంతసేపూ దొర ఎదురుగా కూర్చుని వినాలి, కోపం తెచ్చుకోకూడదు. ఎప్పుడో పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి.

పాడేది సుంకి అనే గోరింక. ముసలి ఎద్దు ఓబులేసు మూపురం మీద కూర్చుని పాడేది. వాళ్ళమ్మ కూడా అక్కడే కూర్చుని పాడి, అక్కడే ముసలిదైంది. పోయేముందు కూతుర్ని పిలిచి, "మూపురం దిగి పాడకు" అని ఒకే మాట చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఎద్దు చర్మానికి పట్టిన గోమార్లు ఏరుకు తినడానికి వీలుగా ఉంటుందని కాబోలు అనుకుంది సుంకి. తిండి దగ్గర అమ్మ మహా జాగ్రత్త మనిషిలెండి.

పొద్దున్నే సుంకి గొంతు సవరించుకుని ఎత్తుకునేది.

"గిలక కిర్రుమంటా ఉంది, దొర చెవిన పడదంట
మోకు మెడను కోస్తా ఉంది, దొర కంట పడదంట
నీళ్ళు తోడిన మెడలు మావి, గడ్డలేమో దొరవంట"

కాలువ పొడుగునా నవ్వులు. దొర ముట్టె ముడుచుకుని వినేవాడు. కింద ఓబులేసు ఊపిరి సుంకి కాళ్ళకి తగులుతూ ఉండేది. ఊపిరి బరువెక్కితే రాగాలు తగ్గించి గబగబా ఆశ చరణంలోకి దిగిపోయేది. అలా దిగుతున్నానని దానికే తెలిసేది కాదు. కాళ్ళు చెప్పేవి, గొంతు వినేది.

దొర కొలువులో ఓ నక్క చేరాడు. పేరు శేషప్ప. కొత్తగా పనిలో చేరినవాడు ఊరుకుంటాడా, ఏదో ఒకటి చేసి చూపించుకోవాలి కదా. ఒకరోజు తిట్టు చరణం విని దొర మొహం మాడ్చుకుంటే, శేషప్ప ఆయన పక్కకి జరిగి కూర్చున్నాడు.

"ఆ తిట్లు మాన్పించు శేషప్పా, తల కొట్టేసినట్టుంది" అన్నాడు దొర.

"మాన్పిస్తే ఊరుకోరు దొరా. ఎక్కడా ఏమీ తియ్యొద్దు. కాస్త చేరుద్దాం, మీకు పొగడ్తా దక్కుతుంది, తోటకి నీళ్ళూ దక్కుతాయి."

"ఎలాగ?"

"వరస పెరిగితే బొక్కెన పెరుగుతుంది గదా."

దొర చాలాసేపు ఆలోచించాడు. అర్థమయ్యాక చాలాసేపు నవ్వాడు.

శేషప్ప సుంకి దగ్గరికి వట్టి చేతుల్తో రాలేదు. సజ్జ కంకి ఒకటి నోట కరుచుకొచ్చాడు.

"ఏమమ్మా సుంకీ, ఇంత గొంతు పెట్టుకుని ఎద్దు వీపు మీద, ఆ పేడ వాసనలో ఏమిటి ఖర్మ?"

"మా అమ్మ కూడా ఇక్కడే పాడింది శేషప్ప బావా."

"మీ అమ్మ కాలం వేరు. దొర పందిరి మీద నీకు చోటు చూశాను. నీడ, గాలి, రోజూ కంకి. ఆస్థాన గాయని అని పిలవమన్నాడు దొర."

సుంకి ఈకలు సర్దుకుంది. "తిట్టు చరణం తీసెయ్యాలా?"

"అయ్యో, ఎవరన్నారు? అది పాడాల్సిందే, దొరకి నీ ధైర్యమంటేనే ఇష్టం. కాకపోతే పొగడ్తలో ఆయన మీద కూడా నాలుగు మాటలు చేర్చు. నీళ్ళని పొగుడుతావు, బావి గలాయన్ని పొగడవా?"

నక్క సజ్జ కంకి పట్టుకొచ్చిందంటే వెనకాల ఏదో ఉందని మీకు తెలుసు, నాకు తెలుసు. సుంకికి తెలియలేదు. ఆస్థాన గాయని అన్న మాట దాని చెవిలో తిరుగుతూ ఉంది. ఆ పొద్దు వాలేలోపు దొర మీద చరణం కట్టేసింది కూడా.

ఓబులేసుతో చెప్పింది. "మామా, నేను రేపట్నించి పందిరి మీంచి పాడతా. కొత్త చరణం కట్టాను, వింటావా?"

ఓబులేసు నెమరు ఆపి విన్నాడు. "బాగుంది బిడ్డా. కానీ పాట నీది, మెడ మాది. చూసుకుని పాడు."

అంతే అన్నాడు. సుంకికి చివుక్కుమంది. మూపురం ఖాళీ అవుతుందని ముసలాడికి కుళ్ళనుకుంది. ఆ మాట అనుకున్నందుకు తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

పందిరి మీంచి లోకం భలే ఉంటుంది. కాలువ వెండి తీగలా కనబడుతుంది, జనమంతా తలెత్తి చూస్తారు. సుంకి గొంతు ముందెప్పుడూ లేనంత బాగా పలికింది.

"దొర కోరలు నెలవంకలు, దొర వీపు నల్లకొండ
దొరగారు పొర్లినాక బురద కూడా గంధమాయె"

దొర కళ్ళు మూసుకుని తలూపాడు. తన మీద పాట వినడం దొరకి అదే మొదలు. ఆ రోజు మధ్యాహ్నం నిద్రలో కూడా తలూపుతూనే ఉన్నాడట. మర్నాడు తోక మీద ఓ వరస అడిగాడు. ఆ తర్వాత ముట్టె మీద. తర్వాత ముత్తాత ముట్టె మీద. సుంకి ఏదడిగితే అది కట్టింది. కట్టడం వచ్చినవాళ్ళకి అదో దురద, గోకేవాళ్ళుంటే చాలు.

ప్రతి వరసకీ ఒక బొక్కెన పైకొచ్చింది. తోటలో తీగలు గట్లు దాటి పాకాయి. కాలువ నిండుగా పారిందని కుందేళ్ళు కూడా సంతోషించాయి. వాలు దారిలో మాత్రం ఓబులేసు గిట్టలు ఈడుస్తున్నాడు. జతగాడు లింగడు పడుచు గిత్త, వాడు కాడిని తన వైపు లాక్కుని మోయబోయేవాడు, ముసలాడు ఒప్పుకునేవాడు కాదు.

ఒకరోజు పని అయ్యాక ఓబులేసు పందిరి కిందికి వచ్చాడు. మెడ మీద కాడి ఒరుసుకున్న చోట పచ్చిగా ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ఒకప్పుడైతే ఆ ఈగల్ని సుంకే తోలేది.

"బిడ్డా, ఆశ చరణం మరీ దూరమైపోయింది."

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకో మామా. దొర మనసు మెత్తబడుతోంది. నువ్వే చూస్తావు, రేపు అడిగితే ఏదైనా ఇచ్చేట్టున్నాడు."

"అడిగావా?"

"అడుగుతాను. సమయం చూసి అడగొద్దూ?"

ఓబులేసు తల విదిలించి ఈగల్ని తోలుకున్నాడు. "గొంతు జాగ్రత్త. ఎండలో నీళ్ళు తాగుతా ఉండు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. సుంకి తిట్టు చరణం పాడింది. ఈమధ్య ఆ చరణం మొక్కుబడిగా, కొసలు మింగి పాడేస్తోంది. నీళ్ళ పొగడ్త పాడింది. దొర పొగడ్తలోకి వచ్చేసరికి బొక్కెన ఆలస్యంగా రావడం కనబడింది. గిలక కిర్రుమని ఆగుతోంది, మళ్ళీ కిర్రుమంటోంది. లింగడు అరిచాడు.

"ఓబులేసు తాతకి కాళ్ళు తేలిపోతున్నాయి. కాడి దించండి."

కొండముచ్చులు శేషప్ప వైపు చూశాయి. శేషప్ప లేచి నిలబడి, కాలువ గట్టు మీద వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

"పాట దిగిందా? దిగలేదు గదా. పాట దిగేదాకా కాడి దిగదు, పాట దిగితే కాడి క్షణం ఉండదు. ఇది నేను పెట్టింది కాదు. బావి దొరదని ఏ ఆచారం చెప్తోందో ఇదీ ఆ ఆచారమే."

అందరూ సుంకి వైపు చూశారు. ఆశ చరణం దాని నాలుక చివరే ఉంది. ఒక్కసారి గొంతు మారిస్తే చాలు. కానీ దొర కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు, కోరల వరస సగంలో ఉంది. మధ్యలో తుంచితే బాగుండదు, ఈ ఒక్క చరణం పూర్తి చేసేద్దాం అనుకుంది. ఆ ఎత్తు నుంచి ఓబులేసు వీపు కనబడుతోంది గానీ ఊపిరి తెలియడం లేదు. అందుకని పాడింది. నెలవంకలన్నీ, నల్లకొండలన్నీ పాడింది.

గంధం దగ్గరికి వచ్చేసరికి ఓబులేసు ముందుకాళ్ళు మడిచాడు. కాడి ఓ వైపు ఒరిగి లింగడు కూడా మోకాళ్ళ మీద పడ్డాడు. బొక్కెన జారి బావిలో పడ్డ చప్పుడు అడవంతా వినబడింది.

అప్పుడు పాడింది సుంకి ఆశ చరణం. పందిరి మీంచి దూకి, మూపురం మీద వాలి, ఏడుస్తూ పాడింది.

"పొద్దు వాలె, నీడ సాగె, కాడి దించరన్నలారా
రేపు వాన పడుతుందంట, మోట మూలకి చేరునంట
మెడలు తేలికాయెనంట, ఇంటి దారి పట్టరన్నా"

కొండముచ్చులు కాడి దించాయి. సుంకి కాళ్ళకి ఊపిరి తగల్లేదు. అమ్మ మూపురం దిగొద్దని ఎందుకందో అప్పుడు తెలిసింది దానికి. తెలిసి ఏం లాభం, ముసలాడు పోయాడు.

లింగడు సుంకితో మాట మానేశాడు. సుంకి పందిరి ఎక్కడం మానేసింది, కంకి ముట్టడం మానేసింది. తుమ్మ కొమ్మ మీద ముడుచుకుని కూర్చునేది. పాట ఎత్తేవాళ్ళు లేరు గనక మోట ఆగిపోయింది, కాలువ అడుగంటింది. శేషప్ప ఒకటి రెండు పొద్దులు చూసి తుమ్మ చెట్టు కిందికి వచ్చాడు.

"పోయినవాళ్ళతో మనమూ పోతామా సుంకీ? పక్క అడవి ఎలుగు దొర మన తోట చూడ్డానికి వస్తున్నాడు. ఆయన ముందు మన దొర మర్యాద నిలబెట్టాలి. ఉన్న పాటకి ఇంకో అంత కట్టు."

సుంకి ముడుచుకున్న రెక్కలు విప్పుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "పాడతాను బావా. ఒక్కటే షరతు. పందిరి మీంచి కాదు, పాత పద్ధతిలో మూపురం మీద కూర్చుని పాడతా. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది."

"నీ ఇష్టం. పాట పొడుగు ముఖ్యం గానీ చోటు కాదు" అన్నాడు శేషప్ప. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసి నవ్వాడు కూడా. కంకికి లొంగింది, ఇప్పుడు కంకి లేకుండానే లొంగిందనుకున్నాడు.

ఎలుగు దొర వచ్చాడు. ఇద్దరు దొరలూ పందిరి కింద కూర్చున్నారు. గెనుసుగడ్డలు కాల్చి పెట్టారు. లింగడికి కొత్త జత కట్టారు. సుంకి ఎగిరి లింగడి మూపురం మీద వాలింది. వాడి చర్మం జలదరించింది, ఈగ వాలినట్టు విదిలించాడు. సుంకి గోళ్ళు బిగించి కూర్చుంది.

శేషప్ప అతిథి ముందు గొప్పగా చెప్పుకొచ్చాడు. "మా దగ్గర అన్నీ ఆచారం ప్రకారమే దొరా. పాట ఎత్తితే కాడి ఎత్తాలి, పాట దించితే కాడి దించాలి. దొరగారు కూడా దాటరు."

"మంచి పద్ధతి. కానివ్వండి" అన్నాడు ఎలుగు దొర, నోట్లో గడ్డ పెట్టుకుని.

కాడి ఎత్తారు. సుంకి లింగడి ఊపిరి విన్నది. కోపంతో బరువుగా ఉంది. గొంతెత్తింది.

"పొద్దు వాలె, నీడ సాగె, కాడి దించరన్నలారా..."

ఆ చరణం మూడు వరసలకీ మూడు బొక్కెనలు వచ్చాయి. పాట దిగింది. లింగడు టక్కున నిలబడిపోయాడు. ఆ చరణం వింటే నిలబడడం వాడి కాళ్ళకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. కొండముచ్చులు ఒకరి మొహం ఒకరు చూసుకుని కాడి దించేశాయి.

శేషప్ప పరుగున వచ్చాడు. "ఇదేం పాట?"

"పాటే. దిగింది" అంది సుంకి.

"మొదటి నుంచి పాడు."

"పాటలో చరణాలు చేర్చొచ్చని నేర్పింది నువ్వే గదా బావా. చేర్చగలిగినదాన్ని తియ్యలేనా?"

"సరే, ఇంకో జతని కట్టండి" అన్నాడు శేషప్ప. ఇంకో జత వచ్చింది. సుంకి వాళ్ళ మూపురం మీదికి మారి మళ్ళీ ఆశ చరణం ఒక్కటే పాడింది. కాడి దిగింది. ఉన్న జతలన్నీ అలాగే వచ్చి అలాగే వెళ్ళిపోయాయి. గట్టున నీడలు కదిలినట్టే లేవు, ఆ రోజు మోట పని అయిపోయింది. ఎలుగు దొరకి నవ్వు ఆగలేదు, పొలమారింది.

పంది దొర కోరలు కొరికాడు. "దాని పీక పిసుకు శేషప్పా."

శేషప్ప చెవిలో గొణిగాడు. "వద్దు దొరా. అది పోతే పాట ఎత్తేవాళ్ళుండరు. పాట ఎత్తకపోతే కాడి ఎత్తరు. మోట ఆగిపోవడం చూశాం గదా."

"పాటా లేదు, ఆచారమూ లేదు. కట్టండి కాడి."

అప్పుడు లింగడు రెండడుగులు ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఆచారం లేకపోతే బావి ఎవరిది దొరా?"

కాలువలో నీళ్ళు తాగుతున్న తలలన్నీ లేచాయి. అందరూ దొర వైపే చూశారు. దొర ముత్తాత ముట్టె సంగతి చెప్పబోయి, ఆ చూపులు చూసి, చెప్పకుండానే నోరు మూసుకున్నాడు. కోపం తీర్చుకోడానికి చేతికందినవాడు శేషప్పే గనక వాడి తొడలో కోర దించాడు. కుంటుకుంటూ అడవి దాటిపోయిన శేషప్ప మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

అంతటితో అందరికీ మంచి రోజులొచ్చాయని చెప్పాలని నాకూ ఉంది. రాలేదు. కొన్నాళ్ళపాటు సుంకి ఆశ చరణం ఒక్కటే పాడింది, కాలువ సన్నగా పారింది. తోటతో పాటు కుందేళ్ళ గొంతులూ ఎండాయి. ఒక కుందేలు తల్లి తుమ్మ చెట్టు కిందికి వచ్చి, పిల్లలు నాలుకలు చాపుతున్నారు, ఇంకో రెండు వరసలు పాడు తల్లీ అని బతిమాలింది. సుంకి ఏడ్చింది గానీ పాడలేదు. చివరికి తీగలు పసుపు తిరిగాక దొరే కొండముచ్చుతో కబురంపాడు. పాత పాట, పాత పొడుగు, ఒక్క వరస ఎక్కువ వద్దని. గెలిచింది అంతే. బావి ఇంకా దొరదే, మెడలు ఇంకా ఎడ్లవే.

మర్నాడు సుంకి లింగడి మూపురం మీద కూర్చుని పాత పాట ఎత్తుకుంది. తిట్టు చరణం మునుపటిలా కొసలు మింగకుండా, ప్రతి మాటా దొర మొహాన పడేలా పాడింది. అయితే చరణం చివర అంతకుముందు ఎవరూ వినని వరస ఒకటి వచ్చింది.

"పందిరెక్కి పాడినాది గోరింక, కింద మెడను చూడలేదు గోరింక"

లింగడు చెవులు ఆడించాడు. ఓబులేసు పోయాక సుంకితో మొదటిసారి మాట్లాడాడు.

"ఒక వరస పెరిగినట్టుందే."

"పెరగలేదు. నీళ్ళ పొగడ్తలో ఒకటి తగ్గించాను. బొక్కెనలు అవే."

లింగడు వాలు దిగాడు, బొక్కెన వచ్చింది, మళ్ళీ ఎక్కాడు.

"తిట్టు వినేవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. పద్ధతి తెలుసుగా" అన్నాడు.

"తెలుసు. వింటూనే ఉన్నా."

"అయితే ఆ వరస తియ్యకు."

సుంకి తియ్యలేదు. బతికున్నన్నాళ్ళూ రోజూ తన తిట్టు తనే పాడుకుంది, తనే వింది. తర్వాత ఆశ చరణం పాడేది, రేపు వాన పడుతుందంట అని. ఆ ఏడు వాన పడలేదు.

పాట ఎవరి మెడ మీద నడుస్తుందో, ఆ మెడ మీద కూర్చునే పాడాలి.